తిరుపతిలో హోటల్ గది: కంపెనీ కోడ్ వాడాలా, వేరే దారి చూడాలా?

రేణిగుంటలోనో శ్రీసిటీలోనో ఉద్యోగం చేసేవారికి వేసవి సెలవులు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి దగ్గరపడ్డాయంటే బంధువుల ఫోన్లు మొదలవుతాయి. "మీ కంపెనీకి ఫలానా హోటల్లో తక్కువ రేటు ఉందట కదా, ఆ కోడ్ ఒకసారి పంపించు నాయనా, దర్శనానికి వస్తున్నాం" అని అడుగుతారు. అడిగేవారి మనసులో చెడు ఉద్దేశం ఉండదు. పిల్లలతో, పెద్దవాళ్లతో బయలుదేరుతున్నారు, నాలుగు డబ్బులు మిగిలితే హుండీలో వేసుకోవచ్చని వాళ్ల ఆశ. ఈమధ్య అడిగే అవసరం కూడా లేకుండా పోయింది. పెద్ద పెద్ద కంపెనీల పేర్లతో కోడ్‌ల జాబితాలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. ఏదో ఒకటి కొట్టి చూస్తే రేటు తగ్గుతుంది, గది బుక్ అవుతుంది, ఇంకేం కావాలి అనిపిస్తుంది.

నేను ఒక కంపెనీలో ఉద్యోగుల ప్రయాణ ఏర్పాట్లు చూస్తాను. హోటళ్లతో రేట్లు మాట్లాడడం, నెలాఖరున వాళ్లు పంపే లెక్కలు సరిచూడడం నా పని. అందుకే నా అభిప్రాయం ముందే చెబుతాను. తిరుపతికి దర్శనం కోసం వచ్చే కుటుంబానికి తమది కాని కంపెనీ కోడ్ అన్నిటికన్నా చెడ్డ ఎంపిక. సొంత కంపెనీ కోడ్ అయినా సరే, ఈ ఊళ్లో చాలాసార్లు అది మొదటి ఎంపిక కాదు.

ఆ తక్కువ రేటు ఎందుకు ఇస్తారు

కంపెనీ రేటు అంటే హోటల్ అందరికీ ఇచ్చే తగ్గింపు కాదు. ఏడాదికి సుమారు ఇన్ని గదులు మా ఉద్యోగులు వాడతారని కంపెనీ చెబుతుంది, అయితే ఈ ధరకు ఇస్తామని హోటల్ ఒప్పుకుంటుంది. ఆ ఒప్పందానికి గుర్తుగా ఒక కోడ్ ఇస్తారు. చాలా ఒప్పందాల్లో ఉదయం ఫలహారం, వైఫై కలిపే ఉంటాయి. ముందురోజు సాయంత్రం వరకు ఉచితంగా రద్దు చేసుకునే వీలు కూడా ఉంటుంది. ఇవన్నీ పని మీద తిరిగే మనిషికి పనికొచ్చే సదుపాయాలు.

ఇక్కడ తిరుపతికి మాత్రమే చెందిన ఒక సంగతి ఉంది. కంపెనీల మనుషులు వచ్చేది ఎక్కువగా సోమవారం నుంచి గురువారం వరకు. యాత్రికుల తాకిడి ఎక్కువగా ఉండేది శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం వరకు. వారం మధ్యలో ఖాళీగా పడి ఉండే గదులు నిండుతాయనే హోటల్ వాళ్లు కంపెనీలకు రేటు తగ్గిస్తారు. శనివారం నాడు ఆ గదిని పూర్తి ధరకు తీసుకునే భక్తుడు ఎలాగూ ఉంటాడు. కాబట్టి శనివారం రాత్రికి, ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు, అదనపు మంచం కావాలంటూ కంపెనీ కోడ్‌తో బుకింగ్ వచ్చిందంటే అది యాత్ర అని రిసెప్షన్‌లో కూర్చున్న కుర్రాడికి వెంటనే అర్థమైపోతుంది. గుర్తింపు కార్డు అడిగేది అటువంటి వారినే.

మరో విషయం. ఒప్పందాలన్నీ ఒకే రకంగా ఉండవు. కొన్నింటిలో ఒక్క గది మిగిలి ఉన్నా అదే ధరకు ఇవ్వాలి. ఎక్కువ ఒప్పందాల్లో మాత్రం రద్దీ పెరిగితే ఆ రేటును మూసేసే హక్కు హోటల్‌కు ఉంటుంది. ఏడాదిలో కొన్ని తేదీలకు రేటు వర్తించదని ముందే రాసుకుంటారు కూడా. తిరుపతిలో ఆ తేదీలు ఏవో చెప్పనక్కర్లేదు: బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, కొత్త సంవత్సరం. తమిళ భక్తులు పోటెత్తే పెరటాసి మాసపు శనివారాలు కూడా కొన్ని ఒప్పందాల్లో చేరతాయి. అంటే యాత్రికుడికి గది దొరకడం కష్టమయ్యే రోజుల్లోనే ఈ కోడ్ పనిచేయదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలామంది ఆ కోడ్ కోసం అంతగా తాపత్రయపడరు.

కౌంటర్ దగ్గర ఏమవుతుంది

కోడ్‌తో బుక్ చేసినప్పుడు వచ్చే ఈమెయిల్‌లో, ధర, తేదీలు, రద్దు నిబంధనల కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది. ఈ రేటుకు అర్హత ఉన్నట్టు చెక్‌ఇన్ సమయంలో సంస్థ గుర్తింపు చూపాలి, చూపలేకపోతే ఆనాటి ధర వసూలు చేస్తాం అన్నది దాని సారాంశం. దాన్ని చదివేవారు తక్కువ. వెబ్‌సైట్ కోడ్‌ను ఒప్పుకుంది కాబట్టి అర్హత ఉన్నట్టే అనుకుంటారు. వెబ్‌సైట్ కోడ్ సరైనదా కాదా అని చూస్తుంది తప్ప, కొట్టిన మనిషి ఎవరో చూడదు. ఆ పని కౌంటర్ దగ్గర జరుగుతుంది.

మా సంస్థ అతిథి ఒకరి కోసం ఒక హోటల్లో ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు చూసిన దృశ్యం చెబుతాను. నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ దిగి నేరుగా వచ్చిన కుటుంబం. చంటిపిల్లాడికి పుట్టువెంట్రుకలు తీయించాలని వచ్చారు. పెద్దావిడ సోఫాలో కూర్చుని కాళ్లు చాపుకున్నారు, మోకాళ్లకు పట్టీలు. కొడుకు కౌంటర్ దగ్గర ఆధార్ కార్డులు ఇచ్చాడు. రిసెప్షన్ అమ్మాయి మర్యాదగానే "కంపెనీ ఐడీ కార్డు కూడా చూపిస్తారా సార్?" అని అడిగింది. అతను ఫోను తీసి, ఎవరో పంపిన కోడ్ ఫొటో చూపించాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. మేనేజర్ వచ్చాడు. అరవలేదు, కసురుకోలేదు. ఇవాళ్టి రేటు ఇది, ఇష్టమైతే ఇస్తామని కాగితం మీద రాసి ముందు పెట్టాడు. రెండున్నరకు దర్శనం, పిల్లాడు ఏడుస్తున్నాడు, బయట ఇంకో హోటల్ వెతికే ఓపిక ఎవరికీ లేదు. అతను డబ్బు కట్టడానికి బ్యాంకు కార్డు ఇచ్చేశాడు. ఆ పెద్దావిడ "ఏమైంది నాన్నా?" అని అడుగుతుంటే "ఏమీ లేదమ్మా" అన్నాడు. కొండ ఎక్కబోయే ముందు ఒక మనిషి తలదించుకుని నిలబడాల్సి రావడం నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇక డబ్బు లెక్క. ఉదాహరణకు కొన్ని అంకెలు వేసుకుందాం. కోడ్‌తో గది 5,200 రూపాయలు. అదే గది హోటల్ సొంత వెబ్‌సైట్‌లో, ఉచిత సభ్యత్వం తీసుకున్నవారికి 6,300. ఆరోజు కౌంటర్ ధర 8,200. గది అద్దె మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇలా ఉంది: రోజుకు 7,500 రూపాయల వరకు 5 శాతం, అది దాటితే 18 శాతం. కోడ్ చెల్లితే 5,460 రూపాయలు కడతారు. సభ్యత్వ రేటు అయితే 6,615. కోడ్ చెల్లక కౌంటర్ ధర పడితే 7,500 హద్దు దాటుతుంది కాబట్టి పన్ను కూడా మారిపోయి మొత్తం 9,676 అవుతుంది. అంటే 1,155 రూపాయలు మిగుల్చుకుందామని 3,061 రూపాయలు పణంగా పెడుతున్నారు. అది ఒక గదికి, ఒక రాత్రికి. రెండు గదులు, రెండు రాత్రులు అయితే నాలుగు రెట్లు. ధర పెరిగితే పన్ను శాతం కూడా పెరిగే ప్రమాదం ఉందని చాలామందికి తట్టదు.

గది ఇచ్చేసినా ముగిసిపోదు

కార్డు అడగకుండా గది ఇచ్చేసే రోజులూ ఉంటాయి. దాంతో ధైర్యం వస్తుంది. అసలు చిక్కు అక్కడే.

కోడ్‌తో వచ్చిన బుకింగ్‌కు చాలా హోటళ్లలో కంప్యూటర్ ఆ కంపెనీ పేరు, చిరునామా, జీఎస్టీ నంబరు బిల్లు మీద తానుగా వేసేస్తుంది. హోటల్ ఆ బిల్లును తన జీఎస్టీ రిటర్నులో చూపుతుంది. అది కంపెనీ వాళ్లకు తమ పేరు మీద పడిన బిల్లుల జాబితాగా ప్రతినెలా కనిపించే జీఎస్‌టీఆర్-2బీ పట్టికలోకి వచ్చి కూర్చుంటుంది. అకౌంట్స్ విభాగంలో ఒక్కో వరుస సరిచూసే మనిషి "తిరుపతిలో శనివారం రాత్రి మనవాళ్లెవరు ఉన్నారు? బిల్లు మన దగ్గరకు రాలేదే" అని అడుగుతాడు. అక్కడి నుంచి తీగ లాగడం కష్టం కాదు. దానికి తోడు ఏ కోడ్ మీద ఎవరెవరు ఏ తేదీల్లో ఉన్నారో హోటల్ వాళ్లు కంపెనీకి పేర్లతో సహా పంపే నివేదికలు కూడా ఉంటాయి. అవి నా బల్ల మీదకు వస్తాయి. మా జీతాల పట్టికలో లేని పేరు కనిపిస్తే ఊరుకోవడం నాకు కుదరదు, ఎందుకంటే వచ్చే ఏడాది రేటు మాట్లాడేటప్పుడు హోటల్ వాళ్లు అదే కాగితం ముందుపెట్టి, మీ కోడ్ బయట తిరుగుతోంది కాబట్టి రేటు పెంచుతామంటారు. దాని బరువు నిజంగా పని మీద తిరిగే ఉద్యోగి మీద పడుతుంది.

కోడ్ ఇచ్చిన ఉద్యోగి పరిస్థితి ఇంకా ఇబ్బంది. బావకో, పిన్ని కొడుక్కో సాయం చేశానని అతను అనుకుంటాడు. కంపెనీ నియమావళిలో అది సంస్థకు చెందిన ప్రయోజనాన్ని దుర్వినియోగం చేయడం కిందకు వస్తుంది. సంజాయిషీ నోటీసు రావచ్చు. వెయ్యి రూపాయల తగ్గింపు కోసం ఇంటి మనిషి ఉద్యోగాన్ని ఆ స్థితిలో పెట్టకండి.

పెద్ద గొలుసు హోటళ్ల సభ్యత్వ పాయింట్లు కూడబెట్టుకునేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఆ పథకాల నిబంధనల్లో, అర్హత లేని రేటు వాడితే పాయింట్లు రద్దు చేసే హక్కు, ఖాతా మూసేసే హక్కు సంస్థకు ఉంటాయి. ఇక గుర్తింపు అడుగుతారని నకిలీ ఐడీ కార్డు అచ్చు వేయించుకోవడమో, ఫొటో మార్చడమో చేస్తే అది హోటల్ నిబంధనతో ఆగదు. పోలీసు కేసు అయ్యే నేరం.

తిరుమలలో సిఫారసు లేఖ ఎలా పనిచేస్తుందో మనందరికీ తెలుసు. లేఖ నిజమైనదే కావచ్చు, సంతకం నిజమైనదే కావచ్చు, కానీ అందులో రాసి ఉన్న పేరుకూ మీ ఆధార్‌కూ పొంతన లేకపోతే అది మీకు చెల్లదు. దళారి దగ్గర కొన్న లేఖతో విజిలెన్స్‌కు దొరికినవారి వార్తలు పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. కంపెనీ కోడ్ కూడా అటువంటిదే. కోడ్ అసలైనదైనా అది మీ పేరు మీద ఇచ్చినది కాదు.

సొంత కంపెనీ కోడ్ అయితే

ఇది వేరే సంగతి. కొన్ని కంపెనీలు ఉద్యోగులు సొంత ప్రయాణాలకు కూడా ఆ రేటు వాడుకోవచ్చని హోటళ్లతో మాట్లాడుకుంటాయి. కొన్నింటికి పని మీద ఒక కోడ్, సెలవులకు వేరే కోడ్ ఉంటాయి. మీ హెచ్ఆర్ విభాగానికి ఒక్క ఈమెయిల్ రాసి, "వ్యక్తిగత ప్రయాణానికి వాడవచ్చా, కుటుంబ సభ్యులకు వర్తిస్తుందా" అని అడగండి. నోటి మాట కాదు, జవాబు రాతలో ఉండాలి. అవునంటే ఆ ఈమెయిల్ ఫోనులో ఉంచుకుని, ఐడీ కార్డు వెంట తీసుకుని నిశ్చింతగా వెళ్లండి. చెక్‌ఇన్ సమయంలోనే "ఇది సొంత ప్రయాణం, బిల్లు నా పేరు మీద వేయండి, కంపెనీ జీఎస్టీ నంబరు వద్దు" అని చెప్పండి. డబ్బు మీ కార్డుతో, మీ యూపీఐతో కట్టండి.

ఒక హద్దు గుర్తుంచుకోవాలి. చాలా ఒప్పందాల్లో గదిలో ఉండేది ఉద్యోగే కావాలి. మీరు బెంగళూరులో ఉండి, అమ్మానాన్నలను మాత్రం ఆ కోడ్ మీద తిరుపతి పంపితే కౌంటర్ దగ్గర ఇబ్బంది పడేది వాళ్లు.

అర్హత ఉన్నా ఒకసారి సరిపోల్చుకోండి. కంపెనీ రేటులో కలిసి ఉండే ఉదయం ఫలహారం యాత్రికుడికి ఎంత ఉపయోగం? సుప్రభాత సేవకు టికెట్టు ఉన్నవారు ముందురోజు రాత్రే కొండకు బయలుదేరతారు. ఉదయపు దర్శనం ఉన్నవారు ఏడు గంటలకు గదిలో ఉండరు. ఫలహారం లేని రేటు ఎంతో చూస్తే కొన్నిసార్లు కోడ్ కన్నా అదే తక్కువగా తేలుతుంది.

మిగతా దారులు

హోటల్ సొంత సభ్యత్వ రేటు: తాజ్, ఫార్చ్యూన్, సరోవర్ వంటి గొలుసు హోటళ్లు తిరుపతిలో ఉన్నాయి. ఈ తరహా హోటళ్లలో ఉండాలనుకునేవారు వాటి వెబ్‌సైట్‌లో సభ్యులకు ఇచ్చే ధర చూసి తీసుకోవడం మంచిది. సభ్యత్వానికి చాలాచోట్ల డబ్బు అడగరు. తగ్గింపు కోడ్ అంత ఉండకపోవచ్చు, కానీ ఎవరూ మిమ్మల్ని రుజువు అడగరు. రెండు ధరలు కనిపిస్తాయి: రద్దు చేసుకోగలిగేది, చేసుకోలేనిది. దర్శనం టికెట్టు చేతికి రాకముందే రద్దు కాని గది తీసుకోకండి. ముందు దర్శనం, తర్వాత గది.

బుకింగ్ యాప్‌లు: బ్యాంకు కార్డుల ఆఫర్లు కలిస్తే ధర బాగా తగ్గుతుంది, ఇది నిజాయితీగా దొరికే తగ్గింపు. అయితే మొదట కనిపించే ధరలో పన్ను కలవదు, చివరి తెరలో ఉన్నదే అసలు ధర. తేదీ మార్చాలంటే హోటల్ వాళ్లు యాప్‌ను అడగమంటారు, యాప్ వాళ్లు హోటల్‌ను అడగమంటారు. చిన్న లాడ్జీలకు యాప్‌లో బుక్ చేస్తే, బయలుదేరే ముందు లాడ్జీకి ఫోను చేసి బుకింగ్ అందిందో లేదో తెలుసుకోండి.

నేరుగా ఫోను: తిరుపతిలో ఇది అందరూ మరచిపోయే మంచి దారి. బస్టాండు, రైల్వే స్టేషన్ చుట్టుపక్కల ఉన్న హోటళ్లలో, లాడ్జీల్లో వచ్చిన గంట నుంచి 24 గంటల లెక్కన గది ఇచ్చేవి చాలా ఉన్నాయి. గొలుసు హోటల్లో చెక్‌ఇన్ సాధారణంగా మధ్యాహ్నం రెండు గంటలకు. తెల్లవారకముందే రైలు దిగినవారు ఆ హోటల్లో ముందుగా గది కావాలంటే అదనంగా కట్టాలి, లేదా ముందురాత్రి నుంచే తీసుకోవాలి. కోడ్‌తో మిగిలిన డబ్బు అక్కడే పోతుంది. ఉదయం అయిదుకు వచ్చి మరునాడు ఉదయం అయిదుకు వెళ్లేవారికి 24 గంటల లాడ్జీతో పోలిస్తే మరేదీ లాభం కాదు. ఫోనులో మూడు విషయాలు అడగండి: 24 గంటల పద్ధతేనా, పన్నుతో కలిపి ఎంత, లిఫ్ట్ ఉందా. మూడోది పెద్దవాళ్లతో వచ్చేవారి కోసం.

టీటీడీ వసతి: ధర మాత్రమే చూసుకునేవారికి దీన్ని మించినది లేదు. కొండపైన ప్రైవేటు హోటల్ గదులు ఉండవు, టీటీడీ గదులు, మఠాల వసతి మాత్రమే. అక్కడ 50, 100 రూపాయల సామాన్య గదులు ఇప్పటికీ ఉన్నాయి. కొన్నిటిని సుమారు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదల చేస్తారు, మిగిలినవి కొండపైన గదులు కేటాయించే సీఆర్‌ఓ కార్యాలయం దగ్గర ఆరోజు వచ్చినవారికి ఇస్తారు. 2023 నుంచి ముఖ గుర్తింపు విధానం పెట్టారు కాబట్టి ఒకరి పేరు మీద తీసుకుని మరొకరికి ఇవ్వడం కుదరదు. కింద తిరుపతిలో బస్టాండు ఎదుట శ్రీనివాసం, రైల్వే స్టేషన్ ఎదుట విష్ణు నివాసం, ఇవి కాక మాధవం ఉన్నాయి. సర్వదర్శనం టోకెన్ల కౌంటర్లు శ్రీనివాసం, విష్ణు నివాసం దగ్గరే ఉండడం ఇంకో సౌకర్యం. టీటీడీ పేరుతో నకిలీ వెబ్‌సైట్లు ఉన్నాయి. అసలు దాని చిరునామా చివర ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ అని ఉంటుంది, అది చూశాకే డబ్బు కట్టండి.

ఎవరికి ఏది

నడిచి కొండ ఎక్కే యువకులకు, బడ్జెట్ చూసుకునే కుటుంబాలకు టీటీడీ వసతి మొదటి ప్రయత్నం కావాలి. అది దొరక్కపోతే 24 గంటల లాడ్జీ. వృద్ధులు, చంటిపిల్లలతో వచ్చి కాస్త సౌకర్యం కోరుకునేవారు గొలుసు హోటల్లో రద్దు చేసుకోగల సభ్యత్వ రేటు తీసుకుని, ముందుగానే ఫోను చేసి చెక్‌ఇన్ వేళ మాట్లాడుకోవాలి. శ్రీసిటీకో రేణిగుంటకో పని మీద వచ్చి, పనిలో పనిగా ఒక రోజు దర్శనం చేసుకునే ఉద్యోగికి కంపెనీ కోడ్ సరైనది. అయితే పని రోజుల వరకు కంపెనీ బిల్లు, అదనపు రోజుకు సొంత బిల్లు అని రెండు వేరు బుకింగులు పెట్టుకోవాలి. కుటుంబం కూడా వచ్చి చేరితే అదనపు మనిషికి అయ్యే ఖర్చు కంపెనీ బిల్లులో కలవకుండా చూసుకోవాలి.

ఎవరో పంపిన కోడ్‌తో ఇప్పటికే బుక్ చేసి ఉంటే కంగారు పడాల్సిన పని లేదు. బుకింగ్ ఈమెయిల్ తెరిచి ఉచిత రద్దు గడువు ఎప్పటి వరకో చూడండి. రద్దీ తేదీల్లో ఆ గడువు రెండు మూడు రోజుల ముందే ముగుస్తుంది. ముందుగా అదే తేదీలకు మామూలు రేటుతో మరో గది ఖాయం చేసుకోండి, ఆ తర్వాతే పాతది రద్దు చేయండి. ఈ వరుస తిరగేస్తే శనివారం నాటికి చేతిలో ఏ గదీ ఉండదు. గడువు దాటిపోయి ఉంటే హోటల్‌కు ఫోను చేసి, అర్హత లేని కోడ్ పడింది, మామూలు రేటుకు మార్చండి అని చెప్పండి. రెండు రోజుల ముందు ఫోనులో దొరికే రేటు, సామాను దించి కౌంటర్ ముందు నిలబడ్డాక చెప్పే రేటు కన్నా దాదాపు ఎప్పుడూ తక్కువగానే ఉంటుంది.